పాత చీర పాట: తెలుగు రేడియోలో క్రిస్మస్ కార్యక్రమాలు చేసేవారికి బహిరంగ లేఖ

తెలుగు రేడియో కేంద్రాల్లో, ఎఫ్.ఎం. స్టేషన్లలో డిసెంబరు నెల కార్యక్రమాలు తయారుచేసే పెద్దలకు,

మాది శ్రీకాకుళం జిల్లాలో పలాసకీ వజ్రపుకొత్తూరుకీ మధ్య ఉన్న ఒక ఉద్దానం ఊరు. డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో తెల్లారకముందే రేడియో మోగుతుంది, క్రిస్మస్ పాటలు వస్తాయని. వస్తాయి కూడా. ‘కరుణామయుడు’ సినిమా పాటలు వస్తాయి. 1978లో ఆ సినిమా వచ్చిన దగ్గర్నుంచీ ఆ పాటలు వినని పండగ లేదు. అవి మంచి పాటలు, వాటిని మానెయ్యమని నేనడగను. ‘మిస్సమ్మ’లోని మేరీమాత పాట వస్తుంది. ఆ పైన కీబోర్డు మోతతో చేసిన కొత్త ఆల్బమ్ పాటలు నాలుగో ఐదో వస్తాయి. అరగంటా అయిపోతుంది. మా ఊళ్ళో మా ఆడవాళ్ళు పాడే పాట మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. దాని కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ పాటేమిటో చెబుతాను.

మా దగ్గర క్యారల్స్ అంటే డిసెంబరు రెండో వారం నుంచి రాత్రి భోజనాలయ్యాక ఇంటింటికీ తిరగడం. వెదురుబద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టిన నక్షత్రం ముందు నడుస్తుంది. నా చిన్నప్పుడు పక్కనే ఒకాయన పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకుని నడిచేవాడు. ఇప్పుడు సెల్‌ఫోను లైట్లొచ్చాయి. ఒక డోలకు, ఒక కంజిర, రెండు జతల చిడతలు, అంతే మా వాద్యం. కొబ్బరి మట్టల మీంచి మంచు టప్‌టప్‌మని కారుతూంటుంది. జీడితోటల్లో అప్పుడప్పుడే పూత మొదలై, చీకట్లో ఆ వాసన మనకంటే ముందే ఊళ్ళోకి వచ్చేస్తుంది.

పాట ఎత్తుకునేది ఆడవాళ్ళు. వాళ్ళలో సగం మంది పగలంతా పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టి, పప్పు మీది పొర వొలిచి, చీకటి పడ్డాక ఇల్లు చేరినవాళ్ళు. జీడిపిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే కాలుస్తుంది. ఎంత జాగ్రత్తగా చేసినా వేళ్ళ చివర్లు నల్లబడి పొరలు పొరలుగా ఊడతాయి. మా పెద్దమ్మ ఆ వేళ్ళతోనే కంజిర కొట్టేది. బొటనవేలు చర్మం చిట్లి ఉంటే నాలుగు వేళ్ళతోనే కొట్టేది. నాకు ఏడెనిమిదేళ్ళ వయసులో ఆమె పక్కన నించుని, ఆ లైటు వెలుగులో ఆమె ముఖం వదిలేసి ఆ వేళ్ళే చూస్తూ ఉండేవాణ్ణి.

ఆ పాటలో యోసేపూ మరియమ్మా బేత్లెహేము చేరతారు. పాటంతా ప్రశ్నా జవాబూ. ఊడ్పుల్లో పాడినట్టే ఒకరు అడుగుతారు, మిగతావాళ్ళు అందుకుంటారు. మొదట ఎవరి తలుపు తట్టారని అడుగుతారు. షావుకారి తలుపు. ఆయన లెక్కలు చూసుకుంటున్నాడు. తర్వాత పూటకూళ్ళమ్మ తలుపు. ఆమె పొయ్యి ఆర్పేసింది. అలా ఊరంతా తిరిగి ఆఖరికి ఆవుల సాల దగ్గరికి వస్తారు. బైబిల్లో పశువుల తొట్టె అని ఉంటుంది. మా పాటలో అది కుడితి గోలెం. దాన్ని కడిగి, కొత్త ఎండుగడ్డి పరుస్తారు. బిడ్డని దేనితో చుట్టారు అని అడుగుతారు అప్పుడు. పొత్తిగుడ్డలని బైబిలు చెప్పిన చోట, గొల్లల ముసలమ్మ తెచ్చిన పాత చీర అని మా పాట చెబుతుంది. ఎలాంటి పాత చీర? ముగ్గురు కొడుకుల్నీ ఇద్దరు కూతుళ్ళనీ ఎత్తి పెంచిన చీర, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన చీర. మా వైపు పుట్టిన బిడ్డకి కొత్తబట్ట వెయ్యరు. నాయనమ్మదో అమ్మమ్మదో పాత చీర చింపి చుడతారు. కొత్తబట్ట గరుకు, పసికందు ఒంటికి గీసుకుంటుంది. ఈ సంగతి తెలిసిన మనిషే ఆ చరణం కట్టింది.

అక్కడితో ఆగదు. బాలింతకి నీళ్ళెవరు కాచారు, శొంఠి ఎవరు నూరారు, కాయం ఎవరు కలిపి పెట్టారు అని వరసగా అడుగుతారు. సాల చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ ఒక్కో పని వస్తుంది. దూతలు ఎక్కడో చివర్లో వస్తారు. జ్ఞానులు ఆ రాత్రికి రారు. ముందు తల్లికి పథ్యం పెట్టాలి కదా. నేను చిన్నప్పటి నుంచీ ఎన్నో క్రిస్మస్ ప్రసంగాలు విన్నాను. ప్రసవించిన ఆ పిల్లకి ఆ రాత్రి ఎవరు అన్నం పెట్టారని అడిగిన ప్రసంగం ఇంతవరకూ వినలేదు. చదువురాని మా ఆడవాళ్ళ పాట అడిగింది.

ఈ తీరానికి బాప్టిస్టు మిషనరీలు కెనడా నుంచి వచ్చారు. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఆ తర్వాత ఉత్తరానికి పాకి శ్రీకాకుళం, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేటల దాకా వచ్చింది. మొదట్లో ఇటు వచ్చినవారిలో చాలామంది నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ వంటి సముద్రపుటొడ్డు ప్రాంతాలవాళ్ళు. వాళ్ళు పెట్టిన బడులూ, సోంపేట ఆరోగ్యవరం కంటి ఆసుపత్రీ, అక్కడ డాక్టర్ బెన్ గలిసన్ చేసిన ఆపరేషన్లూ అందరికీ తెలిసినవే. ఆ కెనడాలోనే ఒక క్రిస్మస్ పాట ఉంది. 17వ శతాబ్దంలో జాన్ ద బ్రెబ్యూఫ్ అనే ఫ్రెంచి జెసూట్ ఫాదర్ దాన్ని అక్కడి హురాన్ తెగవారి భాషలో కట్టాడని చెబుతారు. 1926లో మిడిల్టన్ అనే ఆయన ఇంగ్లీషులో రాసిన రూపంలో బాలయేసు చెట్టు బెరడు గుడిసెలో పుడతాడు, కుందేలు చర్మంలో చుట్టి ఉంటాడు. కాపరుల బదులు వేటగాళ్ళు వస్తారు. ఆ పాటని కెనడా చర్చిల్లో ఏటా గౌరవంగా పాడుకుంటారు, రికార్డులు చేశారు, రేడియోల్లో వేస్తారు. కుందేలు చర్మానికి అక్కడ దొరికిన చోటు మా పాత చీరకి ఇక్కడ దొరకాలనే నేను అడుగుతున్నది.

మా ప్రాంతానికి ఇది కొత్త విద్య కూడా కాదు. తెలుగు క్రైస్తవ కీర్తనలకి ఆదికవి అని చెప్పుకోదగ్గ పురుషోత్తమ చౌదరి గారు 1803లో పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో పుట్టారు. టెక్కలి నుంచి పాతపట్నం మీదుగా బస్సెక్కితే ఒక పూటలో వెళ్ళి రాగలిగిన దూరం. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల్లో సువార్త చెబుతూ తిరిగారు. నూటికి పైగా కీర్తనలు రాసి 1890లో కన్నుమూశారు. తెలుగువాళ్ళు కచేరీల్లో, భజనల్లో పాడుకునే పల్లవీ చరణాల పద్ధతిలోనే ఆయన యేసు పాట కట్టారు. అందుకే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళిపోయింది. ఆయన పుట్టిన ఊరు మనది కాకుండా పోయినా ఆయన పాట మన దగ్గరే ఉండిపోయింది.

ఉండిపోయింది గానీ వినపడటం లేదు. ఆ పుస్తకంలోని జన్మదిన కీర్తనల్లో నాలుగైదే అందరి నోళ్ళలో తిరుగుతున్నాయి. మిగతావి మా మిషన్ చర్చిలో డెబ్బై దాటిన ముగ్గురు నలుగురికి తప్ప రావు. పైగా పుస్తకంలో రాసిన రాగం ఒకటి, వాళ్ళు పాడే వరస ఒకటి. దాన్ని తప్పు అనకండి. వందేళ్ళకి పైగా కొబ్బరి తోటల్లో తిరిగి తిరిగి ఆ పాట ఈ నేలకి తగ్గ నడక నేర్చుకుంది. అనుపల్లవి దగ్గర సాగదీసి ఆపడం, చరణం చివర డోలకు రెట్టించడం, ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. కుర్రవాళ్ళు ఇప్పుడు యూట్యూబులో ఉన్న వరసే నేర్చుకుని పాడుతున్నారు. వాళ్ళనేమీ అనలేం. వినడానికి దొరికిందే ఎవరైనా నేర్చుకుంటారు.

రేడియో అంటే మాకు ఎప్పుడూ గౌరవమే. 1963లో విశాఖలో ఆకాశవాణి వచ్చాక మా మాట, మా జముకుల కథ, మా తప్పెటగుళ్ళు గాలిలోకి ఎక్కాయని మా నాన్న చెప్పేవారు. రాత్రిళ్ళు సీషెల్స్ దీవుల నుంచి ఫీబా రేడియో తెలుగు కార్యక్రమం షార్ట్‌వేవులో వచ్చేది. అలల్లాగా పెరుగుతూ తగ్గుతూ ఉండే ఆ గొంతుల కోసం మా వీధి అరుగు మీద పదిమంది చేరేవాళ్ళు. అక్కడెక్కడో సముద్రం నడుమ నుంచి తెలుగు పాట వస్తుంటే, ఇదే సముద్రపుటొడ్డున మా పెద్దమ్మ పాడే పాట ఎందుకు రాదని నాకు అప్పుడే అనిపించింది.

1990ల్లో ఒక డిసెంబరులో నేను టేపురికార్డరు అడిగి తెచ్చి, మా ఇంటి వసారాలో ఆ పాట రికార్డు చేశాను. పెద్దమ్మ ముందు ఒప్పుకోలేదు. “మన పాట రేడియోలో ఎయ్యరు బాబూ. మన పాటకి పుస్తకం నేదు” అంది. తర్వాత తనే కంజిర పొయ్యి దగ్గర కాచి తీసుకొచ్చి కూర్చుంది. పదకొండు చరణాలు పాడింది. మధ్యలో ఆవు అరిచింది, ఎవరో పిల్లాడు దగ్గాడు. ఆ క్యాసెట్టుని ఒక రేడియో కేంద్రానికి పోస్టులో పంపాను. రెండు నెలలకి తిరిగొచ్చింది, ప్రసారానికి తగ్గ నాణ్యత లేదని చిన్న చీటీతో. ఆ కేంద్రం పేరు ఇప్పుడు అనవసరం. వాళ్ళ నిబంధన ప్రకారం వాళ్ళు రాశారు. ఆ క్యాసెట్టుని బీరువా పైన పెట్టాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. మా పైకప్పు రేకులు ఎగిరి ఎక్కడ పడ్డాయో తెలియలేదు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు వరసగా ఒకే దిక్కుకి తల పెట్టి పడుకుని ఉన్నాయి. జీడిమామిడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. బీరువా మీది క్యాసెట్టు బురదలో దొరికింది. ఎండబెట్టాను. రీలు అతుక్కుపోయింది. పెద్దమ్మ అప్పటికే లేదు. ఆమె గొంతు మరెక్కడా లేదు.

అయినా ఆ డిసెంబరులో క్యారల్స్ మానలేదు. పాటకి కొత్త చరణం పుట్టింది. ఎవరు కట్టారో అడిగితే ఎవరూ నేను అనలేదు. చెట్లన్నీ పడిపోయాయి గనక ఈ ఏడు నక్షత్రం ప్రతి గుమ్మంలోంచీ కనబడుతోంది, జ్ఞానులకి దారి అడిగే పని లేదు, అని ఆ చరణం అర్థం. నిజంగానే ఆ ఏడు మా ఊళ్ళో ఎక్కడ నించున్నా ఆకాశం మొత్తం కనిపించింది. అప్పటివరకూ మాకు ఆకాశం కొబ్బరి మట్టల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనబడేది. ఆ చరణం ఒక్క డిసెంబరే పాడారు. మళ్ళీ మొక్కలు నాటాక ఎవరూ ఎత్తుకోలేదు. నా దగ్గర కాగితం మీద ఉంది, వరస నాకు పూర్తిగా పట్టుబడలేదు.

మందస కొండల వైపు, మెళియాపుట్టి దాటాక సవర గూడేల్లో వేరే సంపద ఉంది. అక్కడ క్రిస్మస్ పాట సవర భాషలో పాడతారు. నాకు ఆ భాష రాదు గనక ఎక్కువ చెప్పలేను. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆ భాష నేర్చుకుని, వాళ్ళ పాటలూ కథలూ రాసుకుని, 1931లో సవర వ్యాకరణం అచ్చు వేయించారు. మనం ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవమని జరుపుకుంటాం. ఆయన పేరు మీద ఒక డిసెంబరు రాత్రి ఆ గూడేలకి మైకు పట్టుకుని వెళ్ళండి.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. గాయకులకి ఆడిషను గ్రేడు ఉండాలి. పాట ఎవరు రాశారో కాగితం ఉండాలి. రికార్డింగు శుభ్రంగా ఉండాలి. వీటికి నాకు తోచిన జవాబులు చెబుతాను. మా వాళ్ళ పాట జానపదం. జానపదాన్ని జానపదంగానే పరీక్షించండి, శ్రుతి పెట్టెతో కాదు. రచయిత పేరు దగ్గర ఊరి పేరు వెయ్యండి, పారితోషికం మాత్రం పాడిన వాళ్ళ చేతికివ్వండి. జీడి ఫ్యాక్టరీలో ఒక పూట కూలి పోగొట్టుకుని వస్తారు వాళ్ళు. ఇక శుభ్రమైన రికార్డింగు అంటే, ఆవు అరుపు వినబడితే కొయ్యకండి. ఆ పాట సాలలోనే జరుగుతుంది.

జహీరాబాదు వైపు మాచ్‌నూరులో 2008 అక్టోబరులో సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలే దాన్ని నడుపుతున్నారు. వాళ్ళ యాసలో వాళ్ళు మాట్లాడతారు, వాళ్ళ విత్తనాల పాటలూ బతుకమ్మ పాటలూ వాళ్ళే రికార్డు చేసి వేస్తారు. తెలుగు గాలికి అదేమీ బరువు కాలేదు. మా శ్రీకాకుళంలోనే కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. అచ్చయిన తెలుగు కథ ఏదీ పోకూడదని ఆయన ఊరూరా పాత పత్రికల కోసం తిరిగారు, ఉత్తరాలు రాశారు. అచ్చయినదాన్ని వెతికి తెచ్చుకోవచ్చు. మా పెద్దమ్మ పదకొండు చరణాలు ఎక్కడా అచ్చు కాలేదు. పాటని దాచే చోటు రేడియో ఒక్కటే అని నేను నమ్ముతున్నాను. అందుకే మీకు రాశాను, చర్చి పెద్దలకి కాకుండా. మా చర్చి సంఘంలో కొందరికి ఈ పాట మీద అభిమానం తక్కువ. కుడితి గోలెం అనే మాట ఆరాధనలో ఏం బాగుంటుందని అంటారు. ఆ గోలెం దగ్గర పుట్టి పెరిగిన వాళ్ళకి ఆ మాటలో ఎంత దగ్గరితనం ఉంటుందో వాళ్ళకి ఇంకా చెబుతూనే ఉన్నాను.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. ఈ డిసెంబరులో ఒక్క రాత్రి మీ మనుషులిద్దరు ఒక రికార్డరుతో మా ఊరు రండి. ఇరవై ఐదో తేదీ పొద్దున అరగంటలో పది నిమిషాలు ఆ పాటకివ్వండి. పదకొండు చరణాలూ వెయ్యండి, మధ్యలో కొయ్యకుండా. పది నిమిషాలకి సరిపోతుంది, గడియారం పెట్టి చూశాను.

పాట మొత్తం వచ్చిన మనిషి ఇప్పుడు ఒక్కతే ఉంది. మా వదిన, పెద్దమ్మ కోడలు. అత్తగారి పక్కన నించుని జవాబు చరణాలు పాడి పాడి నేర్చుకుంది. ఆమెకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఊరూరా ఉన్న జబ్బే ఇది, మీకు వివరంగా చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాక దూరాభారం తగ్గింది. వారానికి రెండుసార్లు వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వస్తుంది. ఈ ఉత్తరం సంగతి చెబితే నవ్వి, “పాడతాను మరిదీ. గానీ ఆళ్ళొచ్చిన రోజుకి నాకు నీరసంగా వుంటే ఏటి సేత్తాను?” అంది.

అందుకని రోజు చూసుకుని రావాలి. సోమవారం, గురువారం ఆమెకి ఆసుపత్రి. ఆ సాయంత్రాలు లేవలేదు. మర్నాడు కూడా గొంతు సన్నగా ఉంటుంది. బుధవారం బాగుంటుంది, శనివారం ఇంకా బాగుంటుంది. విశాఖ నుంచి పలాస ప్యాసింజరు ఎక్కి పలాసలో దిగండి, స్టేషను బయట నేనుంటాను. రాత్రి ఎనిమిదింటికి మొదలుపెడదాం. పెద్దమ్మ కంజిర మా అటక మీద క్షేమంగా ఉంది. మంచుకి చర్మం వదులవుతుంది గనక పాట ముందు పొయ్యి దగ్గర పావుగంట కాచాలి. ఆ పావుగంటా కూడా మీ రికార్డరు ఆన్ చేసే ఉంచండి. అప్పుడే వదిన నోట్లో నోట్లో వరస సరిచూసుకుంటుంది.

ఇట్లు,
ఉద్దానం నుంచి మీ శ్రోత